సర్టిఫికెట్లు నాలుగు, పాఠం మాత్రం అదే: ఆన్‌లైన్ శిక్షణ తీసుకోవాలా, వద్దా?

ప్రశ్న: నేను హైస్కూల్లో గణితం చెబుతాను. సర్వీసు పదకొండేళ్లు. గత రెండేళ్లలో నాలుగు ఆన్‌లైన్ కోర్సులు పూర్తిచేశాను. సర్టిఫికెట్లు ఫైల్లో ఉన్నాయి గానీ నా పాఠం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. ప్రశ్న అడిగితే ఎప్పుడూ ఆ నలుగురైదుగురే చేతులెత్తుతారు. మిగతావాళ్ల చేత కూడా మాట్లాడించడం నేర్చుకోవాలని నా కోరిక. ఇప్పుడు మా హెడ్‌మాస్టర్ గారు రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నారు. మొదటిది బడి నడుస్తుండగా ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు: వారానికి గంటన్నర లైవ్ క్లాసు, రెండు గంటల వీడియోలు, ఒక క్విజ్. రెండు వందల మంది ఉంటారట. రెండోది సెలవుల్లో మూడు రోజుల వర్క్‌షాపు, రోజుకు ఆరు గంటలు. ఇంట్లో చిన్నపిల్లలు, నెట్ ఒక్కోసారి పడిపోతుంది. "ఆన్‌లైన్ అంటే ప్లే చేసి పక్కన పెట్టేయడమే" అని తోటి టీచర్లు నవ్వుతున్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక గణితం టీచర్

జవాబు: టీచర్ గారూ, ఆన్‌లైన్ కోర్సే తీసుకోండి. అయితే గత నాలుగూ చేసిన పద్ధతిలోనే దీన్నీ చేస్తే ఫైల్లో ఐదో కాగితం చేరుతుంది, అంతే.

మీకు ఇది ఎందుకు నయమంటే, ఆ ఆరు వారాలూ మీ ఎదురుగా పిల్లలుంటారు. వర్క్‌షాపు సెలవుల్లో పెట్టారు. మూడు రోజులు ఎంత బాగా చెప్పినా, దాన్ని మీ తరగతిలో వేసి చూసుకునేది బడి తెరిచాకే. అప్పటికి నోట్సు ఏ సంచిలో ఉందో వెతుక్కోవాలి. పిల్లల్ని మాట్లాడించడం చేతికి రావలసిన పని. విని గుర్తుపెట్టుకుంటే వచ్చేది కాదు. సోమవారం ప్రయత్నించి, చెడగొట్టుకుని, గురువారం లైవ్ క్లాసులో "ఇక్కడ బెడిసికొట్టింది" అని అడగగలిగే వీలు మీకు ఆరుసార్లు దొరుకుతుంది.

గంటల లెక్కలో రెండూ దగ్గరదగ్గరే. వర్క్‌షాపు 18 గంటలు, కోర్సు 21. ఉపాధ్యాయ శిక్షణల మీద అమెరికా విద్యాశాఖ కోసం 2007లో వచ్చిన ఒక సమీక్షలో పక్కాగా జరిగినవని తేలిన అధ్యయనాలు తొమ్మిదే. వాటిలో శిక్షణ మొత్తం 14 గంటలు దాటనిచోట పిల్లల చదువులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. మీ ముందున్న రెండూ ఆ గీత దాటినవే. ఇక ఆన్‌లైనా, ముఖాముఖా అన్న సంగతి. 2013లో పరిశోధకుడు బ్యారీ ఫిష్‌మన్ బృందం 49 మంది టీచర్లను రెండు గుంపులు చేసి, ఒకే పాఠ్యాంశానికి సంబంధించిన శిక్షణను ఒక గుంపుకు ఆన్‌లైన్లో, ఇంకో గుంపుకు ముఖాముఖిగా ఇచ్చింది. టీచర్లలోగానీ వాళ్ల పిల్లల్లోగానీ చెప్పుకోదగిన తేడా రాలేదు.

అలాగని తెర మీద చెప్పినా ఎదురుగా కూర్చుని చెప్పినా ఒకటేనని అనుకోవద్దు. దక్షిణాఫ్రికాలో ప్రాథమిక పాఠశాలల టీచర్లకు ఇంగ్లీషు బోధనలో సాయానికి రెండు రకాల ఏర్పాట్లు చేసి మూడేళ్లు చూశారు. కొన్ని బడులకు కోచ్, అంటే పాఠం చూసి టీచరుకు సలహాలిచ్చే మనిషి, స్వయంగా వచ్చి తరగతిలో కూర్చునేవారు. మరికొన్నింటికి టాబ్లెట్, ఫోను ద్వారానే కోచింగ్. పాఠ ప్రణాళికలు ఇద్దరికీ ఇచ్చారు. మనిషి వచ్చిన బడుల్లో పిల్లల మాటలోనూ చదవడంలోనూ మెరుగుదల కనిపించింది. ఫోను కోచింగ్ బడుల్లో మాట కొంత మెరుగైంది, చదవడంలో లాభం రాలేదు. 2022లో అచ్చయిన ఆ పరిశోధన సాంకేతికతను తప్పుపట్టలేదు. టీచర్లకు టాబ్లెట్ వాడటం చేతకాకపోవడం కారణం కాదట. కోచ్ ఎదురుగా ఉంటే జవాబుదారీ, ఆసరా రెండూ ఎక్కువగా ఉన్నాయని తేల్చారు.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. అమెరికాలో 2011లో ఫలితాలు వెలువడిన మరో ప్రయోగంలో 78 మంది హైస్కూలు స్థాయి టీచర్లున్నారు. అక్కడా కోచ్ దూరంగానే ఉన్నారు. కాకపోతే టీచరు తన పాఠాన్ని వీడియో తీసి పంపాలి, కోచ్ అందులోంచి చిన్న ముక్కలు ఎంచి "ఈ నిమిషంలో ఏం జరిగిందో చూడండి" అని ఫోన్లో మాట్లాడాలి. మరుసటి ఏడాది పరీక్షల్లో ఆ టీచర్ల పిల్లలు, వంద మందిలో సరిగ్గా మధ్యన ఉండే విద్యార్థి 59వ స్థాయికి చేరినంతగా ముందుకెళ్లారు. రెండు చోట్లా దూరమే. రెండో చోట టీచరు తరగతిలో అసలు ఏం జరిగిందో ఇంకో మనిషి చూశాడు.

మీ నాలుగు కోర్సుల్లో జరగనిది ఇదేనని నా అనుమానం. వీడియో చూశారు, క్విజ్ రాశారు, పీడీఎఫ్ నింపి ఎక్కించారు. మీ తరగతి గదిలోకి ఎవరూ తొంగిచూడలేదు.

మీరు నేర్చుకోవాలనుకుంటున్న విషయంతోనే దీన్ని చూద్దాం. ప్రశ్న అడిగాక ఆగడం గురించి ఏ కోర్సులోనైనా ఒక మాడ్యూలు ఉంటుంది. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల టేపులు విని లెక్కగట్టింది: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆ విరామం మూడు సెకన్లకు పెరిగినచోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు మెదపకుండా ఉండిపోవడం తగ్గింది, మామూలుగా వెనకబడేవాళ్లూ మాట్లాడారు. ఇది చెప్పడానికి పది నిమిషాల వీడియో చాలు, ఆ పని ఆన్‌లైన్ వీడియో చక్కగా చేస్తుంది కూడా. చూసినవాళ్లందరూ "నేను ఆగుతానే" అనే అనుకుంటారు. ఆ మాట నిజమో కాదో వీడియో చెప్పలేదు.

కాబట్టి మొదటి వారం పని ఇది. ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టి మీ బల్ల మీద ఉంచండి. పదిహేను నిమిషాలు చాలు. వెనకబెంచీల గొంతులు సరిగా వినపడవు, ఫరవాలేదు. మనకు కావాల్సింది మీ గొంతూ దాని మధ్య ఖాళీలూ. సాయంత్రం స్టాప్‌వాచ్ పట్టుకుని మొదటి పది ప్రశ్నలు వినండి. కాగితం మీద మూడు గడులు: ప్రశ్న ముగిశాక ఎన్ని సెకన్లు, ఆ తర్వాత వినపడిన మొదటి గొంతు ఎవరిది, జవాబు వచ్చాక మీరు నోరు తెరవడానికి ఎన్ని సెకన్లు. రెండో గడిలో మీ గొంతే ఎన్నిసార్లు పడిందో చూసుకుంటే, ఆ నలుగురే ఎందుకు చేతులెత్తుతున్నారో సగం అర్థమవుతుంది.

రెండో వారం, పీరియడ్‌కు మూడు ప్రశ్నలు ముందే పుస్తకం అంచున రాసుకోండి. అన్ని ప్రశ్నలకూ ఆగక్కర్లేదు. "1/2కు 1/3 కలిపితే ఎంత?" అన్నప్పుడు పది సెకన్లు ఆగినా లాభం లేదు. వచ్చినవాడికి వచ్చు, రానివాడికి రాదు. ఆలోచించడానికి జాగా ఉన్న ప్రశ్న కావాలి. "ఒక అబ్బాయి 1/2 + 1/3 = 2/5 అని రాశాడు. 2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా? సగానికి ఇంకొంచెం కలిపితే అలా రావచ్చా?" ఇక్కడ కూడిక పద్ధతి మరిచిపోయిన పిల్లకు కూడా చెప్పడానికి ఏదో ఒకటుంటుంది. అడిగాక అందర్నీ నోట్‌బుక్కులో ఒక్క ముక్క రాయమనండి, అర నిమిషం. తర్వాత చేతులెత్తినవాళ్లను వదిలేసి, రాసినవాళ్లలో ఒకరిని పేరు పెట్టి పిలవండి.

ఇక్కడ బెడిసికొట్టే చోట్లు మూడున్నాయి. నిశ్శబ్దం భరించలేక టీచరు అదే ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడుగుతారు. పిల్లవాడు మొదటి ప్రశ్న మీద ఆలోచిస్తుండగానే రెండోది వచ్చి పడుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రెండోది, ముందుబెంచీ నుంచి జవాబు ఎగిరిపడుతుంది. దీనికి ముందే "చేతులు కిందే, రాయడమే" అని చెప్పి ఉంచాలి. మూడోది అన్నిటికన్నా మొండిది: జవాబు రాగానే "వెరీ గుడ్" అనేయడం. ఆ మాట పడిందంటే మిగతా అందరికీ పని అయిపోయినట్టే. జవాబు తర్వాత కూడా మూడు సెకన్లు ఆగి, "దీనికి ఎవరైనా ఏమైనా కలుపుతారా?" అనండి. ఈ రెండో విరామాన్ని చాలా కోర్సులు ఒక స్లయిడుతో దాటేస్తాయి.

ఈ కాగితం, ఆ రికార్డింగులోంచి రెండు నిమిషాల ముక్క ఎవరికో ఒకరికి చూపించాలి. అందుకే కోర్సులో చేరే ముందు నిర్వాహకులకు ఒక మెయిలు పెట్టండి. అసైన్‌మెంటు నా తరగతిలో చేసి చూపించేదా, ఇంట్లో కూర్చుని రాసేదా? దాన్ని చదివేది మనిషేనా, ఎన్ని రోజుల్లో తిరిగి చెబుతారు? లైవ్ క్లాసు రికార్డింగు ఎన్నాళ్లుంటుంది, డౌన్‌లోడ్ అవుతుందా? క్విజ్ గడువు దాటితే ఏమవుతుంది? వచ్చే సర్టిఫికెట్టు మీ సర్వీసు లెక్కలోకి వస్తుందో లేదో మాత్రం హెడ్‌మాస్టర్ గారిని రాతపూర్వకంగా అడగండి. నిర్వాహకులు "వస్తుందండీ" అంటే సరిపోదు.

రెండు వందల మందిలో మీ పని ఎవరో తీరిగ్గా చూస్తారని నేను ఆశపెట్టను. గంటన్నర లైవ్ క్లాసులో ప్రశ్నలకు అరగంట వదిలినా తలకు తొమ్మిది సెకన్లు. నలుగురైదుగురి చొప్పున బ్రేక్‌అవుట్ రూముల్లోకి పంపితే నలభై, యాభై గదులవుతాయి. శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ అన్నిట్లోకీ రాలేరు. అక్కడ జరిగేది సగం నిశ్శబ్దం, సగం "వినపడుతోందా మేడమ్?" చర్చావేదికల్లోనూ "చాలా ఉపయోగకరం సర్" అనే పోస్టులే ఎక్కువ. కాబట్టి మీ బడి నుంచే ఇంకొకరిని ఇదే కోర్సులో చేర్పించండి. గణితమే అక్కర్లేదు. వారానికి ఒకసారి ఆ జత టీచరు మీ తరగతిలో వెనక పది నిమిషాలు కూర్చుని ఆ మూడు గడులు నింపాలి, మీరు ఆవిడకు నింపాలి. తర్వాత స్టాఫ్‌రూమ్‌లో ఇరవై నిమిషాలు. బాగుందా బాగాలేదా అనే తీర్పులు వద్దు, "నాలుగో ప్రశ్నకు ఒక్క సెకనే ఆగారు" అన్న లెక్క చాలు. ఆవిడ మీ హెడ్ అయితే మాత్రం ఈ జత కుదరదు. పై అధికారి నోట్సు రాస్తుంటే పాఠం సహజంగా నడవదు.

లైవ్ క్లాసులో మీ ప్రశ్నను మొదటి పది నిమిషాల్లోనే చాట్‌లో వేసేయండి, రెండు వాక్యాల్లో: ఏ తరగతి, పిల్ల ఏం రాసింది, మీకు ఏం తెలియాలి. చివర్లో వేసినవి కిందికి జారిపోతాయి. నలుగురిలో లేచి అడగడానికి మొహమాటపడేవాళ్లకు చాట్ పెట్టె గొప్ప వరమని చెప్పాలి. వర్క్‌షాపు హాల్లో అది దొరకదు.

వీడియోల విషయంలో ఆన్‌లైన్‌కు ఉన్న అసలు బలం ఆపి చూడగలగడం. రిసోర్స్ పర్సన్‌ను ఆపలేం. తరగతి గది వీడియో చూపిస్తున్నప్పుడు, అందులోని టీచరు ప్రశ్న అడగ్గానే పాజ్ నొక్కండి. మీరైతే తర్వాత ఏమనేవారో ఒక లైను రాసుకుని, అప్పుడు ప్లే చేయండి. తేడా కనబడినచోటే నేర్చుకునేది ఉంటుంది. రెండు గంటలు ఏకబిగిన చూడకండి. 2014లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, వీడియో నిడివి ఎంతున్నా జనం మామూలుగా నిలిచేది ఆరు నిమిషాల లోపేనని తేలింది. నలభై నిమిషాల చొప్పున మూడు ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కలో మళ్లీ మధ్యమధ్యన ఆపుతూ చూడండి. క్విజ్ వెంటనే రాయకండి. మర్నాడు, వీడియో తెరవకుండా రాయండి. చూసిన నిమిషంలో రాస్తే అది జ్ఞాపకాన్ని పరీక్షించదు. ఎన్నిసార్లయినా రాయనిచ్చే క్విజ్‌లు మరీ మోసం, ఒక్కో ఆప్షనూ నొక్కుకుంటూ పోయినా నూటికి నూరు వచ్చేస్తాయి.

ఇంటి సంగతికి వస్తే, రాత్రి పిల్లలు పడుకున్నాక చూద్దామన్న ప్లాను రెండో వారానికే కూలుతుంది. వారంలో రెండు రోజులు బడి అయ్యాక నలభై నిమిషాలు అక్కడే ఉండి చూసేయండి, మూడో ముక్క సెలవురోజు ఉదయం. హెడ్‌మాస్టర్ గారిని అడగాల్సిందీ ఇదే: ఆరు వారాల పాటు వారానికి ఒక ఖాళీ పీరియడ్, అదీ మీ జత టీచరుకు ఖాళీ ఉన్న పీరియడ్. వర్క్‌షాపుకు పంపితే మూడు రోజుల ప్రయాణం, బస ఉంటాయి. దానితో పోలిస్తే ఆరు పీరియడ్లు పెద్ద కోరికేమీ కాదు. ఆన్‌లైన్ శిక్షణలో టీచర్లకు జరిగే అన్యాయం ఎక్కువగా ఇక్కడే: కోర్సు ఉచితం, సెలవు అక్కర్లేదు అంటారు, ఆ ఇరవయ్యొక్క గంటలు టీచరు నిద్రలోంచి పోతాయి. ఈ సంగతి మొదట్లోనే మాట్లాడుకోండి.

నెట్ పడిపోయే చోట కెమెరా ఆపి, ఎదుటివాళ్ల వీడియోలు కూడా ఆపేసి, గొంతు మాత్రమే ఉంచుకోండి. సెకనుకు 600 కిలోబిట్ల చొప్పున వచ్చే వీడియో గంటన్నరకు 400 ఎంబీ పైచిలుకు తింటుంది. 64 కిలోబిట్ల గొంతైతే 45 ఎంబీ లోపే. స్లయిడ్ల పీడీఎఫ్ ముందురోజే పంపమని అడిగితే గొంతుతోనే క్లాసు సాగుతుంది. ఫోన్లోనే చూసేవాళ్లయితే నోట్సు పుస్తకంలో రాయండి, ఒకే తెర మీద అటూ ఇటూ మారితే రెండూ పోతాయి. కెమెరా తప్పనిసరైతే మీ ముఖం మీకు కనబడకుండా సెట్టింగుల్లో దాచుకోండి. గంటసేపు అద్దంలో చూసుకుంటున్నట్టుండటం వీడియో మీటింగుల అలసటకు ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్‌సన్ 2021లో రాశారు.

మీ తోటివాళ్ల నవ్వులో నిజం లేకపోలేదు. ఎవరైనా చేరగలిగే భారీ ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో వచ్చిన లెక్క ప్రకారం, 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది వందకు ముగ్గురు. డబ్బు కట్టి ధ్రువీకరించిన సర్టిఫికెట్టు కోరినవాళ్లలో 46 శాతం. అవి టీచర్ల కోర్సులే కావు, అందరివీ. కాబట్టి సర్టిఫికెట్టును మరీ తీసిపారేయకండి, మనిషిని చివరిదాకా లాక్కొచ్చే తాడు అది. పూర్తిచేయడానికి పనికొస్తుంది, పాఠం మారడానికి ఆ మూడు గడుల కాగితం కావాలి.

వర్క్‌షాపును నేను తక్కువ చేయడం లేదు. మీరడిగింది ప్రయోగశాల పరికరాలు బిగించడమో, చేతులతో బోధనోపకరణాలు తయారుచేయడమో, చిన్నపిల్లలకు ఉచ్చారణ నేర్పడమో అయితే కళ్లుమూసుకుని వర్క్‌షాపుకే వెళ్లమనేవాణ్ని. పట్టుకున్న చెయ్యి తప్పుగా ఉంటే పక్కనున్న మనిషే సరిచేయగలడు. అలాగే నిర్వాహకుల నుంచి "అసైన్‌మెంట్లు సిస్టమే దిద్దుతుంది" అని జవాబు వచ్చి, మీ బడిలో జత కూడా కుదరలేదనుకోండి, అప్పుడు నా సలహా తిరగబడుతుంది. వర్క్‌షాపులో కనీసం మీ చేత పాఠం చెప్పించి తోటివాళ్లు చూస్తారేమో కనుక్కోండి. చెప్పిస్తారంటే అదే మేలు.

మూడో వారంలో వెనకబడటం దాదాపు ఖాయం, పరీక్షలో, ఇంకోటో అడ్డొస్తాయి. అప్పుడు వదిలేసిన వీడియోలన్నీ ఒకేరోజు చూసి అందుకోవాలని చూడకండి. ఆ వారం వీడియోలను వదిలి రికార్డింగు మాత్రం చేయండి, తర్వాతి వారం లైవ్ క్లాసుకు హాజరవండి, పాతవి గడువు చూసుకుని ఒక్కొక్కటిగా ముగించండి.

రికార్డింగు గురించి ఒక జాగ్రత్త. గొంతే అయినా పిల్లలది కదా, మొదలుపెట్టే ముందు హెడ్‌మాస్టర్ గారి అనుమతి తీసుకోండి, తరగతికీ చెప్పండి. వీడియో తీయాల్సి వస్తే తల్లిదండ్రుల అంగీకారం కూడా కావాలి. ఫోను వెనక గోడ దగ్గర పెట్టి బోర్డు వైపు, మీ వైపు మాత్రమే తిప్పండి. కోర్సు గ్రూపుల్లోగానీ వాట్సాప్‌లోగానీ పెట్టకండి. ముక్కను మీ జత టీచరుకు మీ ఫోన్లోనే వినిపించి, లెక్క కాగితం మీదకు ఎక్కాక ఫైలు తీసేయండి.